ఎర్ర చుక్క సెట్టు

గాలిని కూడా కిరాయికి ఇస్తారని వెంకటనారాయణకు అరవై ఏళ్లు దగ్గరపడ్డాక తెలిసింది.

ఆయనది నార్సింగి. అది ఇంకా ఊరుగా ఉన్న రోజుల నుంచీ అక్కడే ఉంటున్నాడు. చదువు పదో తరగతితో ఆగింది. ఐటీ కంపెనీల అద్దాల భవనాలకు కాపలా మనుషులను పంపే ఒక ఏజెన్సీలో చాలా ఏళ్లుగా సూపర్‌వైజర్ పని చేస్తున్నాడు. స్నానం చేసి, దేవుని దగ్గర దీపం పెట్టి, నుదుట విభూతి దిద్దుకోకుండా ఏనాడూ డ్యూటీకి పోలేదు.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్ల మీద పెద్ద కార్ల రేసు పెట్టారు. రోజూ ఆఫీసు బస్సులు తిరిగే రోడ్లకు రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఎత్తుగా ఇనుప జాలీలు లేచాయి. గేట్ల దగ్గరా జాలీ పొడుగునా నిలబడే పని వెంకటనారాయణ ఏజెన్సీకి వచ్చింది.

ఒక అద్దాల భవనం కింది అంతస్తులో పెద్ద హాలు ఉంది. అక్కడ వైర్‌లెస్ డెస్క్ పెట్టారు. మాట్లాడే సెట్టు ఏదైనా సరే, ముందు ఆ బల్ల మీదికి రావాలి. వాళ్లు పరీక్ష చేసి స్టిక్కర్ అతికిస్తేనే జాలీ లోపలికి పోనిస్తారు. డెస్క్ చూసుకునే మహేందర్ అనే ఇంజనీరు కాపలా వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మాట పోవాలంటే గాలిల ఒక దారి ఉండాలె. ఈ రేసుకు ఎన్ని సెట్లొస్తయో తెలుసా? కార్లోల్లయి, టీవీవోల్లయి, పోలీసోల్లయి, అంబులెన్స్‌ది. అందరు ఒక్క దారిల వడితె ఎవ్వరి మాట ఎవ్వరికి ఇనపడది. అందుకే సర్కార్ దగ్గర పర్మిషన్ దెచ్చి ఎవరి దారి వాళ్లకు పంచినం. ఆదివారం దాకనే. సోమవారం మల్ల సర్కార్‌కు అప్పజెప్పాలె."

"అంటే గాలి కూడ కిరాయికేనా సార్?" వెనక నుంచి ఎల్లయ్య అడిగాడు.

"అట్లనే అనుకో."

"మా పాలమూరుల ఉత్తగనే ఒస్తది సార్. గాలి ఒక్కటే ఉత్తగ ఒస్తది."

అందరూ నవ్వారు. వెంకటనారాయణ కూడా నవ్వాడు. ఎల్లయ్య అలాంటి వాడు. ఎండలో నిలబెట్టినా, వానలో నిలబెట్టినా ఏదో ఒకటి అని నవ్విస్తాడు. లింగంపల్లిలో కిరాయి గదిలో ఉంటాడు. భార్య సత్తెమ్మ ఈ భవనంలోనే హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఈ హాలు తుడిచేది ఆమే.

స్టిక్కర్లు రూపాయి బిళ్లంత గుండ్రంగా ఉండేవి. నీలం చుక్క ఉన్న సెట్లు పార్కింగ్ వాళ్లవి. పసుపు చుక్కవి గేట్ల వాళ్లవి. ఎర్ర చుక్క సెట్టు ఒత్తి మాట్లాడితే మాట నేరుగా అంబులెన్స్ డెస్క్‌కు పోతుంది. ఒకరి దారిలోకి ఒకరు పోకుండా సెట్ల మీద దారి మార్చే మరలు కదలకుండా బిగించేశారు. ఏ సెట్టు ఏ దారిదో తెలియాలంటే ఆ చుక్క ఒక్కటే గుర్తు.

ఎల్లయ్యకు ఎర్ర చుక్క సెట్టు పడింది. ఒక ఖాళీ ప్లాటు పక్కన, పెద్ద బండరాయి దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది. కాపలా వాళ్లు దానికి బండ మలుపని పేరు పెట్టుకున్నారు. అక్కడ జనం ఉండరు, నీడ ఉండదు. జాలీ పక్కన ఒంటరిగా నిలబడి, ఎవరైనా పడిపోతే, ఏదైనా జరిగితే ఒత్తి చెప్పడం అతని పని. జాలీ దగ్గర ఫోన్లు ఉండకూడదని అందరివీ గేటులోనే తీసి పెట్టుకున్నారు. కాబట్టి ఆ సెట్టే అతని నోరు.

శుక్ర, శని వారాలు బాగానే గడిచాయి. పొద్దున సెట్లు పంచగానే వెంకటనారాయణ ఒక్కొక్కరి చేత ఒత్తించి తమ జాగా పేరు చెప్పించేవాడు. "బండ మలుపు, హాజర్" అంటాడు ఎల్లయ్య. అంబులెన్స్ డెస్క్ నుంచి జ్యోత్స్న అనే అమ్మాయి, "బండ మలుపు, వినపడుతుంది అంకుల్, మంచి నీళ్లు పెట్టుకున్నరా?" అనేది. ఆమె మియాపూర్ పిల్ల. డిగ్రీ అయిపోయి, రేసు మూడు రోజులకూ ఈ పనిలో చేరింది.

"నా కోడలన్న గిట్ల అడగదన్నా," అన్నాడు ఎల్లయ్య శనివారం.

"నీకు కోడలేడిది?"

"లేదు గాబట్టే అడగదు."

శనివారం సాయంత్రం ప్రాక్టీసులో ఒక కారు బండ మలుపు దగ్గర దిమ్మెకు కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ముక్కలు ఎగిరి జాలీ అవతల పడ్డాయి. హాలు గోడ మీది పెద్ద తెర మీద దాన్ని మళ్లీ మళ్లీ చూపించారు. బకెట్టు పక్కన పెట్టి సత్తెమ్మ అలా చూస్తూ నిలబడిపోయింది.

ఆదివారం పొద్దున ఆమె డ్యూటీకి వచ్చే ముందు భవనం వెనక సందులోని కట్ట మైసమ్మ గుడికి వెళ్లింది. రేసు సెట్లకు అడ్డం వస్తుందని ఆ గుడి కార్డ్‌లెస్ మైకును కూడా మూడు రోజులు కట్టేయించారు. పూజారి గొంతు చించుకుని చదువుతున్నాడు. ఆమె దీపం నూనెలో తడిసిన కుంకుమ ఆకులో కట్టించుకుని తెచ్చింది.

వెంకటనారాయణ హాల్లోకి వచ్చేసరికి చార్జింగ్ బల్ల దగ్గర ఆమె ఒక సెట్టు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నా, గీ సెట్టు మా ఆయనకియ్యి. అమ్మ బొట్టు వెట్టిన."

"సత్తెమ్మా, అవి ముట్టొద్దు. ఆ ఇంజనీరు చూస్తే నా మీద పడ్తడు."

"ఒక్కటే ముట్టిన. నిన్న సూసినవా, కారు ఎట్ల గుద్దిందో? నాకు రాత్రంత నిద్ర లేదన్నా."

ఆయన సెట్టు అందుకున్నాడు. ఎర్ర చుక్క కనబడింది. ఎల్లయ్యది ఎర్ర చుక్కే. ఆమె బొట్టు పక్కన ఎక్కడో పెట్టి ఉంటుందనుకున్నాడు. అమ్మవారి కుంకుమ కదా అని సెట్టును ఒకసారి కళ్లకద్దుకున్నాడు. ఎల్లయ్య రాగానే చేతిలో పెట్టాడు.

"మా ఆమె పనా?" అని ఎల్లయ్య కూడా కళ్లకద్దుకున్నాడు. "నిన్న రాత్రి అన్నం గూడ తిననియ్యలె. డ్యూటీ మార్పిచ్చుకో, డ్యూటీ మార్పిచ్చుకో అని. కార్లోనికి లేని భయం నీకేందే అన్న."

అప్పుడే సాయిచంద్ ఫోన్ చేశాడు. ఏజెన్సీ మేనేజరు. రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాడు, ఎంత కోపంలోనైనా అండీ అంటాడు. "నారాయణగారూ, మెయిన్ గేటు దగ్గర జనం తోసుకొచ్చేస్తున్నారండీ. మీ వాళ్లు ఏరండీ? వెంటనే పంపండి."

"సెట్లు చెక్ చేసి పంపిస్త సార్."

"నిన్నా మొన్నా చేశారు కదండీ. ఈ రోజుకు పంపించేయండి."

వెంకటనారాయణ పంపించేశాడు. ఆ రోజు ఎవరి చేతా హాజర్ అనిపించలేదు, బల్ల మీద ఏ సెట్లు మిగిలాయో చూడలేదు.

*

మధ్యాహ్నం ఎండ నిప్పుల్లా ఉంది. రేసు మొదలయ్యాక ఆ కార్ల రొదకు అద్దాల భవనాలు వణికాయి. వెంకటనారాయణ గేట్ల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. రేసు అయిపోయి జనం కదిలాక, బండ మలుపు మీదుగా వస్తున్న ఒక ఫోటోగ్రాఫర్ జాలీ పక్కన పడి ఉన్న ఎల్లయ్యను చూశాడు. నీళ్ల సీసా ఖాళీగా ఉంది. సెట్టు చేతి కింద ఉంది. రెండు మలుపుల అవతల అంబులెన్స్ పొద్దున్నుంచీ ఊరికే నిలబడే ఉంది.

ఎల్లయ్యను దవాఖానకు తీసుకుపోయారు. వెంకటనారాయణ గేట్ల వాళ్ల సెట్లు జమ చేసుకుంటుండగా, మెయిన్ గేటులో ఉండే సురేష్ తన సెట్టు బల్ల మీద పెట్టి, "అన్నా, ఇయ్యాల మన లైన్ల ఎవడో తాగొచ్చిండే," అన్నాడు.

"ఎవడు?"

"ఏమో. ఈడ జనం మీద వడుతుంటె వాడు సెట్టొత్తి మూలుగుతున్నడు. నీళ్లు నీళ్లు అంటున్నడు. లొల్లిల గొంతు గూడ గుర్తువట్టరాలె. నాకు మండింది. ఎవడ్రా, తాగినవా, లైన్ ఖాళీ చెయ్యి అని తిట్టిన. మల్ల రాలె."

అంబులెన్స్ వాళ్లు తిరిగి ఇచ్చిన ఎల్లయ్య సెట్టు వెంకటనారాయణ సంచిలో ఉంది. బయటికి తీశాడు. దుమ్ము, చెమట. ఎర్ర చుక్క ఒక పక్కకు సాగి ఉంది. స్టిక్కర్ అలా సాగదు. భుజం మీది తువ్వాలతో మెల్లగా తుడిచాడు. తువ్వాలకు ఎరుపు అంటింది. కింద గుండ్రంగా, శుభ్రంగా పసుపు చుక్క కనబడింది.

అది గేట్ల సెట్టు.

సత్తెమ్మ ఏం చేసి ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు. గడపకు పసుపు రాసి దాని మధ్య కుంకుమ పెట్టని ఇల్లు ఏదీ లేదు. కొత్త కుక్కరుకైనా, సైకిలుకైనా, దసరా నాడు కత్తిపీటకైనా అంతే. బల్ల మీది సెట్లన్నిటిలో గుండ్రంగా పసుపు కనిపించిన సెట్టు మీదికే ఆమె వేలు పోయింది. పసుపు ముందే ఉంది, కుంకుమే తక్కువ అనుకుంది. పసుపు అంతా కప్పేటట్టు, నిండుగా, భర్త క్షేమంగా రావాలని పెట్టింది.

తుడిచిన తర్వాత కానీ ఆయనకు తుడవకూడదేమో అన్న ఆలోచన రాలేదు.

*

దవాఖానలో డాక్టరు, వడదెబ్బ మెదడుకు తగిలిందన్నాడు. ప్రాణానికి భయం లేదు. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. వస్తుందో రాదో చెప్పలేమన్నాడు. పడిపోయిన వెంటనే తెచ్చి ఉంటే ఇంత కాకపోయేదని కూడా అన్నాడు.

సత్తెమ్మ వరండాలో నేల మీద కూర్చుంది. వెంకటనారాయణను చూసి లేచింది.

"పాణమైతె నిలవడ్డదన్నా. అమ్మ బొట్టే ఆపింది. లేకుంటె ఆ ఎండల, ఆ రాళ్లల్ల, ఇంకోడైతె ఉంటుండెనా?"

ఆయన తల ఊపాడు. సంచిలో ఉన్న తువ్వాల బరువుగా అనిపించింది.

అప్పుడు జ్యోత్స్న వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మెడలో ఇంకా రేసు కార్డు వేలాడుతోంది. సత్తెమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, నేను ఒక్క నిమిషం కూడ లేవలేదు. హెడ్‌ఫోన్ తియ్యలేదు. నాకు ఏం వినపడలేదమ్మా," అంది.

"రేసు మంచిగ సూసినవా బిడ్డా?"

"లేదమ్మా..."

"ఎవడు ఫస్ట్ ఒచ్చిండు? చెప్పు. నా మొగడు మొత్తుకుంటుంటె నీకు ఇనపడలె. కార్ల సప్పుడు ఇనవడ్డదా?"

"మా అమ్మ మీద ఒట్టు."

"మీ అమ్మకు నీ అసొంటి బిడ్డ ఉన్నది. నాకు ఎవలున్నరు?"

ఏజెన్సీ వాళ్లు అప్పటికే తప్పంతా ఆ అమ్మాయి పేరు మీద రాసేసుకున్నారు. సెట్టు పనిచేస్తోంది, ఎల్లయ్య ఒత్తాడు, డెస్క్‌లో వినలేదు. నిర్లక్ష్యం. పోలీసులకు కూడా చెబుతామని సాయిచంద్ అన్నాడట. ఎర్ర లైనులో మాటలు రికార్డు చేసే ఏర్పాటేదీ పెట్టుకోలేదు. ఆమె వినలేదని చెప్పడానికి ఎవరికీ సాక్ష్యం అక్కరలేకపోయింది. తాను నిజంగా కూర్చునే ఉన్నానని చెప్పడానికి ఆమెకు సాక్షి లేడు.

వెంకటనారాయణ పక్కనే ఉన్నాడు. నోరు తెరవలేదు. తెరిస్తే రెండో మాట ఏమని చెప్పాలి? ఈ పిల్ల తప్పు లేదు అంటే, మరి ఎవరిది అని సత్తెమ్మ అడుగుతుంది.

*

ఇంటికి వచ్చి భార్య రుక్కమ్మకు చెప్పాడు. ఆమె చేట పక్కన పెట్టి విన్నది.

"తువ్వాల ఏడ వెట్టినవ్?"

"ఉతికిన."

"మంచిగ జేసినవో, చెడ్డగ జేసినవో నాకు ఎర్కలే." కొంచెం ఆగి మళ్లీ అంది. "చెప్తె సత్తెమ్మ బతుకది. పెనిమిటిని తన చేతులతోనే గిట్ల జేసుకున్న అని పొద్దంత అదే అనుకుంటది. చెప్పకుంటె ఆ పిల్ల నెత్తి మీద వడ్తది."

"ఇద్దరు ఏం తప్పు జెయ్యలె."

"నువ్వు?"

ఆయన తలెత్తాడు.

"సెట్లు చెక్ జెయ్యకుండ పంపినవ్ కద. జేస్తె అప్పుడే దొరుకుతుండె."

"సాయిచంద్ సార్ జల్ది పంపుమన్నడు."

"పంపింది ఎవరు?"

రుక్కమ్మ మాటలో కోపం లేదు. అందుకే అది లోపలికి దిగింది.

"గంతవరకు చెప్పు," అంది ఆమె. "నీ చేతుల నుంచి పోయింది, నువ్వు చూడలె. అదీ నిజమే కద. మిగిలింది దేవునికి ఎరికనే."

మరునాడు పొద్దున దీపం ముందు కూర్చున్నప్పుడు వెంకటనారాయణకు మంత్రం మధ్యలో ఆగిపోయింది. అప్పటిదాకా ఆయన దేవుడిని ఏదీ నిలదీసిన మనిషి కాడు. ఇప్పుడూ నిలదీయలేదు. ఒక్కటి మాత్రం మనసులో అనుకున్నాడు. ఆమె నీ కుంకుమ తెచ్చింది. నిన్ను నమ్మి పెట్టింది. పక్క సెట్టు మీద పెట్టి ఉంటే ఏమీ కాకపోయేది. ఆ వేలిని ఒక జానెడు పక్కకు జరపడం నీకు కష్టమా? జరపకపోవడంలో నాకు తెలియనిది ఏమన్నా ఉన్నదా? ఉంటే నాకు వద్దు, ఆమెకు తెలియనియ్. లేకుంటే ఇద్దరికీ తెలియనియ్యకు.

దీపం వెలుగుతూనే ఉంది. ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

*

విచారణ అదే హాల్లో జరిగింది. రోడ్ల మీద దిమ్మెలు లేపే క్రేన్ల చప్పుడు లోపలికి వస్తోంది. సాయిచంద్, మహేందర్ బల్లకు అవతల కూర్చున్నారు. జ్యోత్స్న గోడకు ఆనుకుని నిలబడింది. గేట్ల వాళ్లను కూడా పిలిచారు కాబట్టి సురేష్ కూడా ఉన్నాడు.

సాయిచంద్ అన్నీ తయారుగా పెట్టుకుని వచ్చాడు. "చూడమ్మా, నువ్వు ఒప్పుకుంటే అందరికీ మంచిదండీ. కుర్రపిల్లవి. కాసేపు రేసు చూడాలనిపించి ఉంటుంది, తప్పేముందీ?"

"నేను చూడలేదు సార్."

"మరి మాట గాల్లో కలిసిపోయిందంటావా?"

వెంకటనారాయణ ముందుకు వచ్చి సెట్టు బల్ల మీద పెట్టాడు.

"సార్, ఎల్లయ్య చేతిల ఉన్నది గీ సెట్టు. ఆ బిడ్డకు ఇనపడది. నేనే తప్పు సెట్టిచ్చిన."

మహేందర్ సెట్టు తిప్పి చూశాడు. పసుపు చుక్క. మరను తట్టి చూశాడు. ఆన్ చేసి ఒత్తాడు. బల్ల చివర ఉన్న గేటు సెట్లో గరగరమంది. ఎర్ర సెట్టు మౌనంగా ఉంది.

"ఇంత పచ్చగున్నది ఎర్రగెట్ల కనిపించింది పెద్దాయనా?"

"కండ్లద్దాలు తుడుచుకోలె సార్."

"తుడుచుకోలేదా!" సాయిచంద్ లేచి నిలబడ్డాడు. "రంగులు తెలియని మనిషిని సూపర్‌వైజర్‌గా పెట్టుకున్నానా నేను? మరి పొద్దున చెకింగ్ చేశారా?"

వెంకటనారాయణ ఆయన ముఖంలోకి చూశాడు. సాయిచంద్ చూపు తిప్పుకుని కిటికీలోంచి క్రేన్ వైపు చూశాడు.

"చెయ్యలె సార్. నేను చెయ్యలె."

"విన్నారు కదా మహేందర్ గారూ? మా వైపు నుంచి రూలు ఉందండీ. ఈయనే పాటించలేదు."

ఆ మాటలు అయిపోకముందే వెనక ఏదో పడిన చప్పుడైంది. సురేష్ కుర్చీ వెనక్కి తన్నేసి లేచాడు. ముఖం పాలిపోయింది.

"అన్నా," అన్నాడు. "మా లైన్ల మూలిగింది..."

వెంకటనారాయణ బల్ల మీది సెట్టు వైపు చూశాడు.

"నేను తిట్టిన అన్నా. తాగినవా అన్న. లైన్ ఖాళీ చెయ్యి అన్న." ఇంకేదో అనబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. మెట్ల దగ్గర వాంతి చేసుకుంటున్న చప్పుడు లోపలికి వినబడింది.

ఒక్కరిని విడిపిద్దామని వస్తే ఇంకొకడు చిక్కుకున్నాడని వెంకటనారాయణకు అప్పుడు తట్టింది. ముందే తట్టి ఉన్నా ఏం చేసేవాడో ఆయనకు తెలియదు.

జ్యోత్స్న పేరు కొట్టేశారు. వెంకటనారాయణను ఆ రోజే పనిలోంచి తీసేశారు. బయట మెట్ల మీద జ్యోత్స్న ఆయన కోసం ఆగింది. ధన్యవాదాలు చెబుతుందేమో, చెప్పకపోతే బాగుండు అనుకున్నాడు ఆయన.

"నిన్న దవాఖానల ఆమె నన్ను అన్ని మాటలంటుంటె మీరు పక్కనే ఉన్నరు కద అంకుల్?"

"ఉన్న బిడ్డా."

"అప్పుడు తెలుసా?"

"తెలుసు."

ఆ అమ్మాయి మెడలోని కార్డు తీసి చేతికి చుట్టుకుని వెళ్లిపోయింది.

*

ఎల్లయ్యను ఇంటికి పంపించాక వెంకటనారాయణ లింగంపల్లికి వెళ్లాడు. అప్పటికి రేసు జాడ ఎక్కడా లేదు. అవే రోడ్ల మీద ఆఫీసు బస్సులు తిరుగుతున్నాయి. రుక్కమ్మ రాగి జావ పొడి డబ్బాలో పోసి ఇచ్చింది. ఇరుకు మెట్లు రెండు అంతస్తులెక్కి తలుపు ముందే ఆగాడు.

సత్తెమ్మే చూసింది. రా అనలేదు, పో అనలేదు. ఆయన గడప దాటి నిలబడ్డాడు.

ఎల్లయ్య మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒడిలో పెట్టినట్టు పడి ఉంది. మూతి ఒక పక్కకు జారింది. కళ్లు మాత్రం మునుపటివే. ఆ కళ్లు ఆయనను గుర్తుపట్టాయి.

"సురేష్ ఒచ్చి చెప్పిండు," అంది సత్తెమ్మ. "ఏడ్సిండు. నువ్వు తప్పు సెట్టు ఇచ్చినవంట. కండ్లు కానరాలేదంట."

"అవు చెల్లె."

"నేనొకటి అడుగుత. నిజం చెప్పు."

"అడుగు."

"నేను బొట్టు వెట్టి నీ చేతిల వెట్టిన. గిది మా ఆయనకియ్యి అన్న. నువ్వు కండ్లకు గూడ అద్దుకున్నవ్. ఆ సెట్టు ఏమైంది?"

ఇంతదూరం ఆయన ఆలోచించలేదు. చెకింగ్ గురించి, అద్దాల గురించి అడుగుతుందని వచ్చాడు. ఆమె తన లెక్కలో తాను సరిగ్గానే నడిచి ఈ ప్రశ్న దగ్గరికి చేరింది. తప్పు సెట్టు ఇచ్చాడంటే తన సెట్టు ఇవ్వలేదనేగా.

మంచం మీద ఎల్లయ్య కళ్లు ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి.

"ఆగమాగంల అది ఇంకోనికి ఇచ్చిన," అన్నాడు వెంకటనారాయణ. "మర్సిపోయిన."

సత్తెమ్మ కొంచెం వంగింది, ఎవరో భుజం మీద బరువు పెట్టినట్టు. మెల్లగా మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

"అయితె ఆయన దగ్గర అమ్మ లేదన్నట్టే. నేను అమ్మనే కాపాడింది అని ఊరంత చెప్పుకుంటున్న. ఆడ ఆయన ఒక్కడే వడున్నడు. ఎవ్వరు లేరు."

ఆమెకు ఏమీ తెలియకూడదని ఇంతా చేసిన మనిషి, ఆమె దగ్గర మిగిలిన ఒక్కదాన్ని తన చేతులతోనే తీసేశాడని అప్పుడు చూశాడు. తిరిగి ఇవ్వాలంటే ఇంకోటి చెప్పాలి. అది చెప్పరానిది.

"ఎవలకిచ్చినవన్నా అది?"

"గేటు కాడ ఒకనికి."

"ఆల్లింట్ల అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు."

"సరె." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆల్లన్న మంచిగుండనియ్."

అప్పుడు ఎల్లయ్య నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. గొంతులోంచి ఏదో బయటికి నెట్టాలని చూసినట్టు. ఎడమ చెయ్యి లేచింది. వేళ్లు కళ్ల దాకా పోయాయి, ఆ పొద్దున సెట్టును అద్దుకున్నట్టే ఒకసారి ఆనాయి, కిందికి పడ్డాయి. మళ్లీ లేచాయి. శబ్దం ఇంకా పెద్దదైంది. ఆ కళ్లు వెంకటనారాయణ మీదనే ఉన్నాయి. వాటిలో ఉన్నది కోపమో, చెప్పెయ్యి అనడమో, చెప్పకు అనడమో ఆయన పోల్చుకోలేకపోయాడు.

సత్తెమ్మ గబగబా లేచి భర్త చెయ్యి పట్టుకుంది. "ఊకో, ఊకో. ఏం గాదు. నేనున్న." వెంకటనారాయణ వైపు తిరిగింది. "సూసినవా? నిన్ను సూస్తెనే ఎట్ల మొత్తుకుంటున్నడో. ఎన్నడు గిట్ల జెయ్యలె. పో అన్నా. నీకు దండం వెడ్త. ఇగ రాకు."

ఎల్లయ్య ఆమె చేతిలోంచి తన చెయ్యి లాక్కోవాలని చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. అతను ఏడుస్తున్నాడనుకుని తానూ ఏడ్చింది.

వెంకటనారాయణ డబ్బా గడప పక్కన పెట్టి మెట్లు దిగాడు. కింది దాకా ఆ శబ్దం వినబడుతూనే ఉంది. కింది అంతస్తులో ఎవరో పిల్లవాడిని, ఆ లొల్లి ఏందో చూసి రమ్మన్నారు. పక్కింటామె, "ఏం లేదు, ఆ మాట పడిపోయినాయన. ఉత్తగనే అరుస్తడు," అని తలుపు వేసుకుంది.